మిరపకల్లంలో ఎస్సెల్లార్, ఇన్సాస్

సైన్యంలో నేను చేసింది లారీ తోలడం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా ఊళ్లో కూడా ముందే చెప్పాను, కానీ ఎవరూ చెవిన పెట్టలేదు. పింఛను తీసుకుని సత్తెనపల్లి దగ్గర మా పల్లెకు తిరిగొచ్చి మిరప వేసుకున్నప్పటి నుంచీ, టీవీలో సరిహద్దు వార్త వస్తే చాలు, టీకొట్టు దగ్గర తలకాయలన్నీ నా వైపు తిరిగేవి.

"మిలట్రీ గారూ, మనోళ్ల తుపాకీ మంచిదా, అవతలోళ్లదా?"

తెలియదండీ అనొచ్చు. కానీ అప్పటికే మీసం మెలేసి ఉండేది. మెలేసిన మీసంతో తెలియదు అనడం కుదిరే పని కాదు.

నిజానికి ఏడాదికోసారి మమ్మల్ని ఫైరింగ్ రేంజికి తీసుకెళ్లి నాలుగు రౌండ్లు కాల్పించేవారు. నా గుళ్లు టార్గెట్‌ను ఇబ్బంది పెట్టకుండా దాని వెనకున్న మట్టికట్టలోకి వెళ్లి కూర్చునేవి. "ఆ మట్టితో నీకేం పగరా?" అని మా సుబేదారు అడిగేవారు. ఆ సంగతి మాత్రం టీకొట్టు దగ్గర చెప్పలేదు.

నన్ను ఎదిరించే మనిషి ఒక్కడే ఉండేవాడు. సత్తెనపల్లి బజారులో టార్పాలిన్ పట్టాలు కుట్టి అమ్మే సాయిబు. ఆయన కూడా మిలట్రీనే, నేను చేరేనాటికే బయటికొచ్చేశాడు. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను ఒరేయ్ అంటాడు. పల్టన్‌లో ఆయన దర్జీ. జవాన్ల చొక్కాలకు గుండీలు కుట్టినవాడు ఒకడు, వాళ్లకు ఉల్లిపాయలు మోసుకెళ్లినవాడు ఒకడు. రైఫిళ్ల మీద తీర్పులిచ్చేది మేమిద్దరం.

ఆయన నాటి రైఫిలు ఎస్సెల్లార్. భుజానికి ఆనించే చెక్క మడమతో బరువుగా, పొడుగ్గా ఉండేది. నా చేతికొచ్చింది ఇన్సాస్. తూటా చిన్నది, నల్ల ప్లాస్టిక్ మడమ.

"ఎస్సెల్లార్ గుండు తగిలితే మనిషి మళ్లీ లేవడు," అనేవాడు అన్న. "నీ ఇన్సాస్ గుండు తగిలితే గోక్కుంటాడు."

"గాయపడ్డవాణ్ణి మోయడానికి ఇంకో ఇద్దరు కావాలన్నా. ఒక్క గుండుతో ముగ్గురు పని మానేస్తారు. అదీ లెక్క."

"మరి చలికి మ్యాగజైన్ పగిలిపోయేదంట?"

"అది మొదట్లో. అయినా ఆ మ్యాగజైన్‌లోంచి లోపలున్న గుళ్లు కనిపిస్తాయి. నీ దాంట్లో ఎన్ని మిగిలాయో దేవుడికే తెలియాలి. మాది మీట తిప్పితే వరసగా మూడు పేలుతుంది కూడా."

"గురి ఉన్నోడికి ఒకటి చాల్రా. మూడు ఎవరికి కావాలి?"

నాకే కావాలి. ఆ మాట మింగేసేవాణ్ణి.

ఈ మార్చిలో కాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. ముందు జాగ్రత్తగా పట్టాలు కొన్నాను. అన్న తానే ఆటోలో వేసుకొచ్చాడు. కల్లంలో మా ఆవిడ, నలుగురు ఆడకూలీలు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. పట్టాలు దించీ దించగానే మాట తుపాకుల మీదికి మళ్లింది. ఎస్సెల్లార్ పేలినప్పుడు వెనక్కి తంతే భుజం వాచిపోయేదని నేనన్నాను. పట్టుకోవడం రానోడికి వాస్తుందని ఆయనన్నాడు. కూలీల్లో ఒకావిడ తలెత్తి, "అసలు ఎట్టా పట్టుకుంటారో సూపిచ్చండి సూద్దాం," అంది.

అంతే. అన్న కాయలు తిరగేసే కర్ర అందుకున్నాడు. నేను పార అందుకున్నాను. ఇద్దరం మిరపకాయల కుప్ప వెనక బోర్లా పడుకుని, కాళ్లు ఎడం చేసి, మోచేతులు నేలకానించి, కరెంటు స్తంభానికి గురిపెట్టాం.

"ఊపిరి సగం వదిలి బిగబట్టాలి," అని వివరించాను.

"పొలంలోకి అడివి పందులొస్తయ్యి గదా బాబాయ్, వాటికి ఏది మంచిది?" అని అడిగింది ఆవిడ.

"ఎస్సెల్లార్," అన్నాడు అన్న.

"పంది పరిగెత్తుద్ది కాబట్టి ఇన్సాస్," అన్నాను నేను.

ఆ పంది మీద ఎంతసేపు పోట్లాడుకున్నామో గానీ, ఆకాశం నల్లబడ్డ సంగతి చూసుకోలేదు. మా ఆవిడ ఉన్నట్టుండి, "ఓరి దేవుడో, వాన! పట్టాలు తియ్యండి!" అని కేక పెట్టింది. లేవబోయాను. నడుము కలుక్కుమంది. మళ్లీ పడుకున్నాను. పక్కకు చూస్తే అన్న మోకాలు పట్టుకుని, "నువ్ లేచి నన్ను లేపరా," అంటున్నాడు.

ఆడవాళ్లు పరుగులు తీశారు. గాలికి ఎగిరే పట్టాలను లాగి, అంచుల మీద రాళ్లు పెట్టి, కల్లం అంతా కప్పేశారు. మా దాకా వచ్చాక మా ఆవిడ ఒక్క క్షణం ఆగింది.

"లెగుస్తారా?"

"నడుమే..."

ఇంకో మాట లేకుండా మా మీద కూడా పట్టా కప్పేసింది.

మిరపకాయల పక్కన పట్టా కింద పడుకున్నవాడికే ఆ ఘాటు తెలుస్తుంది. కళ్లు మండాయి, ముక్కులు కారాయి. తుమ్మిన ప్రతిసారీ నా నడుము ఇంకోసారి కలుక్కుమనేది. పైన వాన దబదబా కొడుతోంది. దేశరక్షణ చేసొచ్చిన మిలట్రీ మనుషులం ఇద్దరం, ఆడవాళ్ల దయవల్ల తడవకుండా ఉన్నాం.

కాసేపటికి అన్న మెల్లగా అన్నాడు. "కొండల్లో మొదటిసారి కాపలా వేశారురా. ఊరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆ ఎస్సెల్లార్ నిలబెట్టి దాని మీద చెయ్యేసుకుంటే, పక్కన ఎవరో నిలబడ్డట్టే ఉండేది. పొడుగు కదా. దాన్ని మనిషి మీద పేల్చాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు."

నాక్కూడా రాలేదు. మంచు కురిసే ఘాట్ రోడ్డు మీద మా ఇన్సాస్ నా పక్క సీటుకి ఆనుకుని ఉండేది. మలుపు వస్తే దానితో, "పట్టుకో, తిరుగుతున్నాం," అని చెప్పేవాణ్ణి. ఇది ఎవరికీ చెప్పని సంగతి. ఆయనకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, తుమ్మాడు.

వాన వెలిశాక పట్టా లేపారు. మా ఎర్రకళ్లు చూసి కూలీలు పకపకా నవ్వారు. ఓ మూల కాయలు కాస్త తడిశాయి, మిగతావి దక్కాయి. ఒకావిడ రోడ్డు మీద ఆటో ఆపి అన్నను ఎక్కించింది. మా ఆవిడ నన్ను మంచం ఎక్కించి, నడుముకి మందు రాస్తూ, "పంది సచ్చిందా?" అని అడిగింది.

నడుము కుదురుకున్నాక అన్న కొట్టుకి వెళ్లాను. అక్కడ సెలవు మీద వచ్చిన జవాను ఒకతను పట్టా కొంటున్నాడు. ఇప్పుడు ఎస్సెల్లారూ లేదు, ఇన్సాస్ కూడా పోతోంది, కొత్త రైఫిళ్లు వచ్చేశాయి, చాలా బాగున్నాయి అన్నాడు.

అన్న కత్తెర కింద పెట్టి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆ కొత్త రైఫిలు మేమిద్దరం ఫొటోలో కూడా చూడలేదు.

"అబ్బే, అది తేలిపోతుంది బాబూ," అన్నాడు అన్న.

"మడమ కూడా సరిగ్గా ఉండదు," అన్నాను నేను, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.