మూడో కిటికీ మీద తెల్ల పొర

కూర్‌పిప్‌లో ఎండ కాసిన రోజు గురించి చెప్పుకుంటారు గానీ వాన పడ్డ రోజు గురించి ఎవరూ చెప్పుకోరు. మా దీవి మధ్యలో ఎత్తున ఉన్న ఊరది, వాన అక్కడ ఇంట్లో మనిషి లాంటిది. గోడల్లో ఉంటుంది, పరుపుల్లో ఉంటుంది, ఉప్పు డబ్బాలో ఉంటుంది. ఆ ఊళ్లో నార్సూ గారి ఓడబొమ్మల కార్ఖానాలో సోలాంజ్ పిన్ని పనిచేసేది. నేను తెరచాపలు కుట్టేదాన్ని. ఆమె బల్ల నా పక్కనే. కాబట్టి ఆమె గురించి నాకు తెలిసిందంతా కుడుతూ కుడుతూ ఓరగా చూసి తెలుసుకున్నదే.

ఓడ ఒళ్లు మగవాళ్లు చేసేవారు. సన్న చెక్కపేళ్లు వంచి, కర్రజిగురుతో అతికి, నునుపు పట్టి ఇచ్చేవారు. చివరి పని పిన్నిది. తాళ్ల ముడులు, ఫిరంగులు, లంగరు, కిటికీలు, ఆపైన అద్దాల పెట్టె. గోరంతైనా లేని ఆ వస్తువులకి కర్రజిగురు పనికిరాదు, సూపర్‌గ్లూ కావాలి. మా ఊళ్లో సూపర్‌గ్లూ వాడటమంటే పామును మెళ్లో వేసుకోవడమే. అది ఆరేటప్పుడు కంటికి కనపడని ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికి గాలిలోని తడి తగిలితే తెల్లగా మారి దగ్గర్లో ఉన్నదాని మీద కూర్చుంటుంది. నల్లచెక్క మీద బూడిద చల్లినట్టు, కిటికీకి పెట్టిన పారదర్శకపు రేకు మీద ఊపిరి గడ్డకట్టినట్టు ఉంటుంది. పెట్టెలో మూసేస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆవిరికి పోయే దారి ఉండదు, తెల్లారేసరికి ఓడంతా ముసలిదైపోతుంది.

పిన్ని చేతి ఓడ మీద తెల్ల పొర నేనెన్నడూ చూడలేదు. సీసా మూతిని ఓడ దరిదాపులకి రానిచ్చేది కాదు. పగిలిన పింగాణీ ముక్క మీద ఒక్క చుక్క వేసుకుని, సూదిమొనతో అందులోంచి దోమ కన్నంత తీసి పెట్టేది. బల్ల ఫ్యాను పక్కవాటుగా తిప్పి, ఆవిరి ఓడ మీద వాలకుండా తోలేసేది. వాసన పూర్తిగా పోయిందాకా పెట్టె మూసేది కాదు. నార్సూ గారు గుమ్మంలో నిలబడి గొణిగినా సరే.

మిర్లా ఇద్దరు పిల్లల తల్లి. బట్టల మిల్లు మూతపడ్డాక మా దగ్గర చేరింది. మొదటిరోజే జిగురు పెట్టి, త్వరగా ఆరాలని ఉఫ్‌మని ఊదింది.

"ఊదకే తల్లీ!" పిన్ని అరిచింది. "నీ నోట్లో ఏముందనుకున్నావు? వానే ఉంది. ఊపిరంతా తడే. నువ్వే చేతులారా తెల్ల పొరని పిలుస్తున్నావు."

"మరి ఆరేదాకా ఏం చెయ్యను పిన్నీ?"

"అత్తగారి మీద చాడీలు చెప్పు. ఆవిడ సంగతి అయ్యేలోపు ఆరుతుంది."

"మా అత్త సంగతి అయ్యేలోపు చెక్క కూడా పుచ్చిపోతుంది!"

అందరం నవ్వాం. పిన్ని నవ్వకుండా దూది చుట్టిన పుల్ల తీసి, కుట్టుమిషన్ నూనెలో ముంచి, ఆ పొర తుడిచి చూపించింది. "ఇదొక్కటి గుర్తుపెట్టుకో. తెల్లది కనపడితే ఆలోచించకు. తుడిచెయ్. ఆలోచించేవాళ్ల చేతిలో పని చెడుతుంది."

మిర్లా ఆ మాట వేదంలా పట్టుకుంది.

పిన్నికి ఒక్కడే కొడుకు, డెజిరే. 'పాయాంకే' అనే పడవ మీద చేపలకి వెళ్లేవాడు. పొడుగుతోక తెల్ల పిట్ట పేరది. ఉత్తరాన నడిసముద్రంలో నీటి అడుగున ఉన్న ఇసుకతిన్నెల దాకా వెళ్లి వారాల తరబడి తిరిగొచ్చేవారు కాదు. ఒడ్డున ఉన్నన్నాళ్లూ డెజిరే తల్లి వంటింట్లో కూర్చుని ఆ పడవకి బొమ్మ చేసేవాడు. చుక్కాని గది దాకా వచ్చాడు. దానికి ముందువైపు మూడు కిటికీలు. నేనొక ఆదివారం వెళ్లేసరికి తల్లీకొడుకులు దాని మీదే తగువులాడుకుంటున్నారు.

"రేకు వేళ్లతో పట్టుకోకురా! పట్టకారు ఎందుకుంది? జిడ్డు అంటితే తెల్ల పొర ముందుగా ఆ జిడ్డు మీదే కూర్చుంటుంది."

"చేప జిడ్డమ్మా. అది లేకపోతే పడవెక్కడిది? ఉట్టి బొమ్మ."

"బొమ్మే కదరా అది."

"సరే, గది కప్పు నువ్వే అంటించు. నేనంటిస్తే తెల్లగా చేస్తాను, కూర్‌పిప్ అంతా తిరిగి చెప్పుకుంటావు." అంటూ నావైపు తిరిగి, "అక్కా, నేను పుట్టినప్పుడు కూడా ఈవిడ నన్ను పట్టకారుతో పట్టుకుని చూసుంటుంది," అన్నాడు. వాడి కుడి బొటనవేలి మీద, ముద్ర పడేచోట, ఏటవాలుగా పాత కోత ఉండేది. పెద్ద చేప గాలపుతాడు లాక్కుపోతే తెగిందట. చీరుకుపోయిన గుడ్డని కుట్టినట్టు ఉండేది, అందుకని నాకు గుర్తుండిపోయింది.

కప్పు అంటించకుండానే పడవెక్కాడు. ఆ తుఫాను కాలంలో పాయాంకే తిరిగి రాలేదు. వెతికారు. పడవ పేరు రాసి ఉన్న, మునిగేవాళ్లు పట్టుకుని తేలే చక్రం ఒక్కటి దొరికింది. మనిషి దొరకలేదు. దొరికితే ఏడ్వడానికి ఒక చోటుంటుంది. పిన్ని చాలాకాలం ఏడవలేదు. పనికొచ్చి, ముడులేసి, వెళ్లిపోయేది. మధ్యాహ్నం గిన్నె మూత తీసి, అందులో ఉప్పుచేప కూర ఉంటే మళ్లీ మూసేసేది.

చివరికి డెజిరే వాళ్లు పడవ కట్టేసే రేవు దగ్గరి చర్చి ఫాదర్ ఒప్పుకున్నాడు. పోయినవాళ్లని తలుచుకునే ఆత్మల పండుగనాడు శవపేటిక ఉండాల్సిన చోట ఆ పడవబొమ్మ పెట్టి ప్రార్థన చేస్తాడు, తర్వాత పక్కగోడ గూట్లో ఉంచుతాడు. పిన్ని ఆ బొమ్మని కార్ఖానాకి తెచ్చి కొరవ పనంతా పూర్తిచేసింది. కొడుక్కి పెట్టె లేకపోయింది గనుక పడవకి అద్దాల పెట్టె చేయించింది.

చుక్కాని గది కప్పు మటుకు ఆఖరి సాయంత్రం దాకా అంటించలేదు. అది అతికితే వాడు వదిలిపెట్టిన పని అయిపోయినట్టే. వాన కురుస్తోంది. తెల్లారితే పడవని చర్చికి తీసుకెళ్లే బండి వస్తుంది. పిన్ని సూదిమొన నుంచి చుక్క పెద్దది పడింది. చూసింది. తుడవలేదు. కప్పు పెట్టి, వాసన పోకుండానే పెట్టె మూసి, కొంగు తలమీదకి లాక్కుని ఇంటికి వెళ్లిపోయింది. ఎవరైనా అలా చేస్తే చెవి మెలేసే మనిషి.

మర్నాడు పొద్దున్నే నేను వచ్చేసరికి పెట్టె తీసి ఉంది. పిన్ని చాకుమొనతో కప్పు ఊడదీసి, నూనె దూదితో కిటికీలకి లోపలివైపు తుడుస్తోంది. నేను దీపం వేసి దారం వెతుక్కుంటున్నాను. నా భుజం మీద చెయ్యి పడింది.

"నీ కళ్లు మంచివి. ఇదేంటో చూసి చెప్పు."

మొదటి రెండు కిటికీలు తళతళలాడుతున్నాయి. మూడోదాని మీద తెల్ల పొర. ఆ పొరలో ఇంకా తెల్లగా, గీత గీతా విడివిడిగా, ఒక బొటనవేలి ముద్ర. ముద్ర మధ్యలో ఏటవాలుగా ఒక ఖాళీ గీత.

"డెజిరే," అన్నాను.

ఆమె తన చేతిలోని దూది వైపు చూసింది. "రెండు తుడిచేశాను," అంది. "వాటి మీద ఏ వేళ్లున్నాయో. చూడను కూడా లేదు. చేతులు వాటంతటవే తుడిచేశాయి."

నేను దీపం ఇంకాస్త దగ్గరికి జరిపాను.

"ఎవరికీ చెప్పకు. చెప్పావా, కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు. కాళ్లనొప్పులని ఒకడు, పిల్లల్లేరని ఒకతె. ఇందులో మహిమ లేదు. జిగురు. నా కొడుకు వేలి జిడ్డు మీద జిగురు పొగ. అంతే ఇది."

ఈసారి కప్పుని కర్రజిగురుతో అతికింది. దానికి పొగ లేదు. బయట బండివాడు హారన్ కొడుతున్నా, రాత్రి జిగురు వాసన పోయేదాకా ఫ్యాను పెట్టుకుని కూర్చుంది. నార్సూ గారొచ్చి వంగి చూశారు.

"సోలాంజ్, ఆ కిటికీ చూశావా?"

"చూశాను. అలాగే ఉంటుంది."

"నువ్వేనా ఈ మాట అనేది? పీట మీద నా కార్ఖానా పేరుంది. చర్చికి వచ్చేవాళ్లంతా చూస్తారు."

"అయితే మీ పేరు తీసేసుకోండి, మిస్యే నార్సూ."

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, ఇత్తడి పలకని నిజంగానే విప్పుకున్నారు. చెడ్డవారు కారు. ఆయనకి ఉన్నదల్లా ఆ పేరే.

ఆత్మల పండుగనాడు వరసలో నా వెనక నిలబడ్డ ఆడవాళ్లు గుసగుసలాడారు. "ఊళ్లో ఓడలన్నిటికీ మెరుగులు పెడుతుంది. కన్నకొడుకు పడవకి మటుకు కంట్లో పువ్వు పెట్టింది." పిన్నికి వినపడింది. వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం బస్సులో అక్కడికి వెళ్లేది. గూటి పక్క బల్లమీదే కూర్చునేది. నాతో దాని గురించి ఒక్కసారే మాట్లాడింది, మిరపవడ తుంచుకుంటూ. "లోపల్నుంచి అద్దాన్ని బయటికి నెడుతున్నట్టుంటుందే ఆ వేలు." వడ తినకుండా కాగితంలో మళ్లీ చుట్టేసింది.

ఏళ్లు గడిచాయి. చూపు తగ్గి పిన్ని పని మానేసింది. ఆ బల్ల మిర్లాకి వచ్చింది. చెయ్యి పెట్టిందంటే పిన్ని చెయ్యే. ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చి చర్చి కప్పు లేచిపోయింది, అద్దాల పెట్టె పగిలింది, పడవ తెరకొయ్య విరిగింది. ఫాదర్ దాన్ని దుప్పట్లో చుట్టి కార్ఖానాకి పంపాడు. అది నాకు తెలియదు. మా ఇంటి రేకులు వీధి చివర చెట్టుకు వేలాడుతుంటే వాటి వెనక తిరుగుతున్నాను. పిన్నికీ ఎవరూ చెప్పలేదు. బాగుచేసి చూపించి సంతోషపెట్టాలని మిర్లా అందరి నోళ్లూ మూయించింది.

పని అయ్యాక పిన్నికీ నాకూ కబురు చేసింది. వెళ్లేసరికి కార్ఖానా అంతా బల్ల చుట్టూ నిలబడి ఉంది. కొత్త పెట్టె, కొత్త తెరకొయ్య. నార్సూ గారు పీట మీద ఇత్తడి పలక తిరిగి బిగించారు. అది చూడగానే నా చూపు కిటికీల మీదికి పోయింది.

పిన్ని కళ్లజోడు పెట్టుకుని వంగింది. మూడు కిటికీలూ నీళ్లంత తేటగా ఉన్నాయి. లోపల అగ్గిపుల్లతో చేసిన చుక్కాని చక్రం దాకా కనపడుతోంది.

"చూడు పిన్నీ!" మిర్లా మొహం వెలిగిపోతోంది. "ఊళ్లో ఇన్నేళ్లూ ఆ కిటికీ గురించి ఎన్ని మాటలన్నారు నిన్ను! నా కడుపు రగిలిపోయేది. కప్పు ఊడదీశాను, నూనె దూదితో నువ్వు నేర్పినట్టే. అస్సలు ఆలోచించలేదు. తుడిచేశాను."

పిన్ని వంగే ఉంది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

"బాగా తుడిచావు," అంది చివరికి. "ఒక్క మరక లేదు." చెయ్యి చాపి మిర్లా చెంప తడిమింది. తర్వాత, "ఆ దూది ఉందా?" అని అడిగింది.

"దూదా? చెత్తబండి తీసుకుపోయింది పిన్నీ. ఎందుకు?"

"ఊరికే."

కళ్లజోడు తీసి, పైటకొంగుతో తుడుచుకుని, సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాతి ఆదివారం బస్సుకి వెళ్లలేదు. ఆ పై ఆదివారమూ వెళ్లలేదు.