బాపు తొందరపడి చెప్పిన సాక్ష్యం

సంతోషం పట్టలేక బాపుకి ఫోన్ చేయడమే నేను చేసిన తప్పు.

హైదరాబాద్‌లో మా ల్యాబ్ పని ఇది: పాలిమర్‌తో కంటికి కనిపించనంత చిన్న రేణువులు చేసి, వాటి కడుపులో మందు పెట్టడం. మందును ఒంటరిగా పంపితే మెదడు గడప దాటనివ్వదు, అందుకని ఈ రేణువులు. లోపలికి చేరినా ఆ మందు ఊరికే ఉంటుంది. ఎర్రటి వెలుగు పడితేనే చుట్టూ ఉన్న కణాలను చంపుతుంది. ఆ రోజు గాజుపళ్లెంలో పెంచిన మెదడు కేన్సర్ కణాలకు ఈ రేణువులు పెట్టి వెలుగు వేస్తే చచ్చాయి. చీకట్లో ఉంచినవి శుభ్రంగా బతికే ఉన్నాయి. అబ్బ, అదీ కావలసింది! చిన్నపిల్లలా గెంతాను.

"బాపూ, కేన్సర్ సచ్చింది!" అన్నాను ఫోన్‌లో. గాజుపళ్లెం సంగతి చెప్పనే లేదు.

ఆదివారానికి పెద్దపల్లి దగ్గర మా ఊరికి వెళ్లాను. మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. బాపు కొత్త బియ్యం బస్తా మోసుకొచ్చి బలిపీఠం ముందు దించాడు. చెమట తుడుచుకుని, "నా బిడ్డ మెదడుల గడ్డకు మందు కనిపెట్టింది. ఇగ ఎవ్వలికి ఫికర్ లేదు" అన్నాడు. చప్పట్లే చప్పట్లు! నాకు సిగ్గేసింది. అబద్ధమెందుకు, గర్వంగానూ ఉంది. నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక బయట, వరుసకు పెద్దమ్మ అయ్యే ఒకామె నా రెండు చేతులూ పట్టుకుంది. వెనకాల ఆమె భర్త, పెద్దబాపు. ఆయన తలలో గడ్డ ఉందనీ, బుధవారం ఆపరేషన్ అనీ నాకు అప్పుడే తెలిసింది.

"ఇగ తల కోయనియ్యం బిడ్డా. ఆపరేషన్ వద్దని డాక్టర్‌కు చెప్తం. నీ మందే ఇయ్యి."

"అయ్యో పెద్దమ్మా, అది పళ్లెంల కణాలకు పెట్టినం. ఎలుకకు సుత ఇంక ఇయ్యలే. మనిషి దాక రావాలంటే ఏండ్లు పడ్తది."

"మరి మీ బాపు అబద్ధమాడిండా, గుళ్లె నిలబడి?"

బాపు పక్కనే ఉన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను. నా మీద నాకే ఒళ్లు మండింది. లోపలికి పరుగెత్తి, పాస్టరయ్య సర్దుతున్న మైకు దాదాపు లాక్కున్నాను.

"మా బాపు తప్పు లేదు. నేనే ఫోన్ల సగం చెప్పిన. మందు ఇంక కాలే. పెద్దబాపూ, నీ కాళ్లు మొక్కుత, ఆపరేషన్ ఆపకు!"

లౌడ్‌స్పీకర్‌లో ఊరంతా విన్నది. పాస్టరయ్య బస్తా వైపు చూసి, ఇంటికి తీసుకుపోతావా అని బాపును అడిగాడు.

"అక్కడ్నే ఉండనియ్యుండ్రి. నా బిడ్డ దాపకుంట చెప్పింది గద, గది మేలు గాదా?" అన్నాడు బాపు. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

పెద్దమ్మ మాత్రం ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. అయినా బుధవారం ఆసుపత్రికి వెళ్లాను. నన్ను చూసి పెద్దమ్మ బెంచీ మీద జరిగి చోటిచ్చింది. ఆపరేషన్ మంచిగా అయింది.

మూడోరోజు పెద్దబాపు తలకు కట్టుతో దిండుకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి పెద్దగా నవ్వాడు.

"నా పని అయిపాయె. నీ మందు నాకద్దు పో," అని, గొంతు తగ్గించాడు. "గని జర జల్ది కానియ్యి బిడ్డా. పక్క మంచమాయన అడుగుతుండు."