పలికిన పేరు

దగ్గరికి జరిగి కూర్చోండి, బిడ్డలారా. దయ్యాలని, గాలి సోకుడని నేనెన్నడూ నమ్మలేదు. బొగ్గు గనుల ఊళ్ళో దవాఖానాలో ఆయాగా చేసినదాన్ని. శవాల గది ముందే సద్ది విప్పుకుని తిన్నాను.

మా దగ్గర రోగుల చీటీలు కర్రపెట్టెలో ఉండేవి. ముందు ఊరు, ఆ ఊళ్ళో ఇంటిపేరు, ఆ ఇంట్లో మనిషి. మా దిక్కు ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు, ఆయుష్షు తగ్గుతుందని. అయినా ఊరూ ఇంటిపేరూ చెబితే చాలు, నాలుగు చీటీలు తిరగేస్తే దొరికేవాడు.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. వరుస తిరగబడింది. ముందు మనిషి పేరు, ఆ వెనక ఇంటిపేరు, చివర ఊరు.

ఒక పొద్దున ఉట్నూర్ దిక్కు నుంచి ఒకామె ఒంటరిగా ఉరికొచ్చింది. జీపు బోల్తాపడితే ఆమె పెనిమిటిని తోటివాళ్ళు తెచ్చి చేర్పించి పోయారు. ఏ వార్డో ఆమెకు తెలియదు. ఊరు చెప్పింది, ఇంటిపేరు చెప్పింది. పేరడిగితే "మా పెద్దోని బాపు" అంది, పెద్ద కొడుకు తండ్రి అని.

కంప్యూటర్ మేడం తల పట్టుకుంది. "ముందటి పేరు లేకుంటే వెనకవి ఉండి ఫాయిదా లేదు. ఇది అన్నీ మొదటి నుంచి చదవాలె. దొరుకుతది గని జర సేపైతది."

జర సేపంటే ఛాయ్ తాగేంత. కిటికీ ముందు జనం పెరుగుతున్నారు. నేను ఆగలేదు.

"పేరు చెప్తే నాలుక కాలుతదా చెల్లే?"

"నా నోటెంట రాదక్కా."

"గట్లయితే గీడనే కూసో. ఆయనే వచ్చి చెప్తడు."

జనం నవ్వారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రాజలింగు" అంది. పక్కనున్న నాకే సరిగా వినబడలేదు. మేడం కిటికీకి చెవి ఆనించి విని, కంప్యూటర్లో కొట్టగానే వార్డు తెలిసింది.

ఆ వార్డు వెనక కట్టడంలో ఉంది. మేము పోయేసరికి నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"తెచ్చినప్పటి నుంచి కన్ను తెరవలే. ఇప్పుడే 'ఓ, వస్తున్న' అని లేవబోయిండు. గంతే, పోయిండు. ఎవరన్న పిలిచిన్రా?"

ఆమె నా దిక్కు చూసింది. తిట్టినా బాగుండేది.

తల దెబ్బ, ఎట్లాగూ బతికేవాడు కాదన్నారు డాక్టరు. కావచ్చు. కానీ కొంగు దాటని ఆ గుసగుస అంత దూరం ఎట్లా పోయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఛాయ్ తాగేంత సేపు ఆగితే ఆ పేరు ఆమె నోట్లోనే ఉండేది.

మీ ఇళ్ళు చల్లగుండాలి. మీరు పిలిచిన వాళ్ళు నిండు నూరేళ్ళు మీ ఎదురుగానే పలకాలి.