కొరిన్ పాఠంలో పద్నాలుగు తప్పులు

నాలుగో పీరియడ్ ఖాళీ. రోలాండ్ హైకినెన్ తలుపు మూసి ల్యాప్‌టాప్ తెరవగానే ముందు చూసేది ఒకే ఒక్క అంకె. నిన్న ముప్పై ఒక్క వేల నాలుగు వందల పన్నెండు. ఇవాళ ముప్పై ఒక్క వేల ఆరు వందల ఏడు. అంటే ఒక్క రోజులో నూట తొంభై ఐదు మంది టీచర్లు కొరిన్ మకెలా పాఠాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఆ కొరిన్ వరండాకి అవతలి గదిలోనే ఉంది. గోడలు పలచన. ఆమె నవ్వూ, ఆమె తరగతి పిల్లల నవ్వూ వినిపిస్తూనే ఉన్నాయి.

స్క్రీన్ మీద ఇంకో మూల ఉచిత శిక్షణ తరగతి ఏదో నడుస్తోంది. టీచరు లైసెన్సు ఐదేళ్ళకోసారి నిలబెట్టుకోవాలంటే నూట యాభై గంటలు చదివినట్టు చూపించాలి. నెట్‌లో పైసా ఖర్చు లేకుండా కావలసినన్ని దొరుకుతాయి. ఐరన్ బే మిడిల్ స్కూల్లో అందరూ చేసే పనే అతనూ చేస్తాడు. శబ్దం తీసేసి, పాఠాన్ని దాని మానాన దాన్ని నడవనిచ్చి, పక్కన పరీక్ష పేపర్లు దిద్దుకుంటాడు. పావుగంటకోసారి 'ఉన్నారా?' అని ఒక పెట్టె లేస్తుంది. ఉన్నానని నొక్కాలి. నొక్కినవాడికి చివర్లో సర్టిఫికెట్ వస్తుంది. రోలాండ్ దగ్గర అలాంటివి నూట పదకొండు గంటలవి ఉన్నాయి. వాటిలో ఏం చెప్పారని అడిగితే ఒక్క ముక్క చెప్పలేడు.

కొరిన్ మాత్రం ఆ తరగతుల్లో శబ్దం పెట్టుకుని వింటుంది. ప్రశ్నలు అడుగుతుంది. విన్నదాంతో పాఠాలు తయారుచేసి, దేశంలోని టీచర్లందరూ పాఠాలు పంచుకునే సైట్‌లో పెడుతుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పేరు చెబితే చాలు. 'మంచు కింద సరస్సు' అలా పెట్టిందే. చలికాలంలో పైన నీళ్ళు గడ్డకట్టినా అడుగున చేపలు ఎలా బతుకుతాయో ఒక గాజు జాడీ, రంగునీళ్ళు, థర్మామీటరుతో చెప్పే పాఠం.

అతన్ని కాల్చేసే సంగతి ఇంకొకటుంది. పదిహేనేళ్ళ క్రితం ఆ అమ్మాయి అతని ఎనిమిదో తరగతిలో మూడో వరసలో కూర్చునేది. నీటి సాంద్రత నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా ఎక్కువని ఆమెకు చెప్పింది అతనే. ఇరవై రెండేళ్ళ చాకిరీలో అతను తయారుచేసిన పాఠాలు తన గది దాటి బయటికి పోలేదు. ఎవరూ అడగలేదు. అడగకుండా ఇవ్వడమంటే అతనికి చేయి చాపి అడుక్కోవడంతో సమానం.

ఇంతవరకైతే కడుపుమంట కడుపులోనే ఉండేది. కానీ మధ్యలో ఓడ ఉంది.

ఏటా జూలైలో సుపీరియర్ సరస్సు మీద పరిశోధన ఓడ ఒకటి పది మంది టీచర్లను పది రోజులు ఉచితంగా తిప్పుతుంది. శాస్త్రజ్ఞుల పక్కన నిలబడి నీళ్ళు తోడి, అడుగు బురద పైకి లాగి, సూక్ష్మజీవుల్ని చూడొచ్చు. ఒక బడి నుంచి ఒక్క పేరే వెళ్ళాలి. రోలాండ్ ఆ సరస్సు ఒడ్డున పుట్టాడు, ఆ నీళ్ళ గురించే బతుకంతా పాఠాలు చెప్పాడు. ఒడ్డు కనిపించనంత దూరం మాత్రం ఎన్నడూ వెళ్ళలేదు. రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు. రెండుసార్లూ ఒకటే జవాబు: 'మీ పని ఇతర ఉపాధ్యాయులకు ఎలా ఉపయోగపడిందో రాయవలసిన చోటు ఖాళీగా ఉంది.'

మూడోసారి దరఖాస్తు తీసుకుంటుంటే ప్రిన్సిపల్ మార్గో పెల్టియే మెల్లగా చెప్పింది. ఇద్దరూ ఈ బడిలో ఒకే ఏడాది చేరినవాళ్ళు.

"ఈసారి కొరిన్ కూడా అడిగింది, రోలాండ్."

"అడగదూ మరి. ముప్పై వేల మంది అభిమానులాయె."

"అదుగో, మొదలెట్టావా! మార్చి మొదటి శుక్రవారానికి ఇద్దరి కాగితాలూ నా బల్ల మీదుండాలి. ఒక్క పేరే పంపిస్తా. నా మీద అలగకూడదు."

"నేనెప్పుడు అలిగాను?"

"పోయిన రెండేళ్ళూ, ఏప్రిల్ నుంచి జూన్ దాకా."

ఆ రోజే నాలుగో పీరియడ్‌లో అతను మొదటిసారి 'మంచు కింద సరస్సు' తెరిచి పూర్తిగా చదివాడు. తప్పు కనపడాలని చదివాడు. మూడో పేజీలో కనపడింది. లోతుల పట్టికలో నూరు, రెండు నూర్లు, మూడు నూర్లు అని వేసింది, అడుగులో మీటర్లో రాయలేదు. అతని ఒళ్ళు పులకరించింది. సైట్‌లో 'పాత లాంతరు' అనే పేరు పెట్టుకుని కింద రాశాడు: 'లోతులకు కొలత లేదు. మూడు నూర్లు ఏమిటి, గుమ్మడికాయలా? ముప్పై వేల మంది కళ్ళు మూసుకుని వాడుతున్నారన్నమాట. అర మార్కు తీసేశాను.'

మర్నాడు చూస్తే ఆమె జవాబు ఉంది. 'చాలా థాంక్స్! గుమ్మడికాయలు కావు, మీటర్లు. సరిచేశాను.' పాఠం మొదటి పేజీలో కొత్త వరస: 'సవరణ: పాత లాంతరు'. దాని కింద ఎక్కడెక్కడి టీచర్లో ఆమె వినయాన్ని మెచ్చుకుంటూ ఇరవై మంది. తిట్టింది ఇతను, పొగడ్త ఆమెకు. రోలాండ్‌కి చిర్రెత్తుకొచ్చింది. మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టాడు.

చలికాలమంతా అదే పని. శిక్షణ తరగతులు ఒక మూల మూగగా నడుస్తుంటే, పావుగంటకోసారి ఉన్నానని నొక్కుతూ కొరిన్ పాఠాన్ని జల్లెడ పట్టాడు. థర్మామీటరు జాడీ గోడకి తగిలితే తప్పు చూపిస్తుందన్న హెచ్చరిక లేదు. సాంద్రత గ్రాఫులో ఉప్పునీటికీ మంచినీటికీ ఒకటే గీత గీసింది. ఏడో ప్రశ్నకి జవాబు ఆరో ప్రశ్నలోనే ఉంది. ఒక్కో తప్పుకీ ఒక్కో అర మార్కు. ఆమె ప్రతిసారీ మర్నాటికల్లా దిద్దేది. ఒక తప్పుకి మాత్రం వారం పట్టింది. జాడీ ప్రయోగం తన పిల్లలతో నాలుగుసార్లు చేయించి చూసిందట.

ఇంట్లో భార్య నొరీన్ కూడా కనిపెట్టింది. మాంసం, దుంపలు కూరిన పాస్టీ రొట్టెలు పొయ్యిలోంచి తీస్తూ అంది:

"ఆ పిల్ల పాఠాన్ని ఇన్నిసార్లు చదివావు. పెళ్ళికి ముందు నేను రాసిన ఉత్తరాలు ఒక్కటైనా రెండోసారి చదివావా?"

"వాటిలో తప్పుల్లేవులే."

"ఉన్నాయి నాయనా. నిన్ను మంచివాడని రాశాను."

ఫిబ్రవరికి అతను ఊహించనిది జరిగింది. టీచర్లు పాత లాంతరును పొగడటం మొదలెట్టారు. 'ఎవరో గానీ ఈయన చదివినట్టు ఎవరూ చదవరు.' 'నా పాఠాన్ని కూడా ఒకసారి చూసిపెట్టండి సార్.' అలాస్కా నుంచి ఒకావిడ, ఈయన సవరణలు చదివాకే సాంద్రత తనకు నిజంగా అర్థమైందని రాసింది. బతుకులో తొలిసారి బయటివాళ్ళు మెచ్చుకున్నారు, అదీ లేని మనిషిని. రోలాండ్ అనేవాణ్ణి ఎవరూ మెచ్చుకోలేదు. వరండాలో నడుస్తుంటే ఆ లాంతరుగాడి మీద కూడా అసూయ పుట్టింది అతనికి. వాడికి ఇంతమంది ఉన్నారు, తనకి నొరీన్ ఒక్కతే. ఆమె కూడా వేళాకోళమే.

గడువు వారం సోమవారం, సైట్‌లో పాత లాంతరుకు కొరిన్ రాసిన సందేశం కనిపించింది. 'నేనొక ఓడకి దరఖాస్తు పెడుతున్నాను. అందులో ఈ పాఠాన్ని చూపిస్తున్నాను కాబట్టి, దీంతో పనిచేసిన టీచరు ఒకరు ఉత్తరం రాయాలి. మీరు రాయగలరా? శుక్రవారంలోగా. ఉత్తరం లేకపోతే నా దరఖాస్తు చెల్లదు.'

రోలాండ్ కుర్చీలో వెనక్కి వాలాడు. చెల్లదు. ఆ మాటని మూడుసార్లు చదివాడు. అతను చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. ఊరుకుంటే ఓడ అతనిది. ఆ రోజు అన్నం సయించింది, నిద్ర కూడా పట్టింది. మంగళవారం ఊరుకున్నాడు. బుధవారం ఊరుకున్నాడు. గోడ అవతల నవ్వు వినిపించినప్పుడు, శనివారానికి ఎలా ఉంటుందో చూద్దాం అనుకున్నాడు.

గురువారం నాలుగో పీరియడ్‌లో తలుపు తట్టి కొరిన్ లోపలికొచ్చింది. చేతిలో కాఫీ, మెడలో తాళాల గుత్తి.

"సార్, ఉత్తరం ఎంతవరకు వచ్చింది?"

"ఏ ఉత్తరం?"

"అబ్బ, ఆపండి సార్. కొలత రాయలేదని అర మార్కు కోసే మనిషి ఈ ఖండంలో మీరొక్కరే. ఎనిమిదో తరగతిలో నాకు కోసినవి కలిపితే ఒక గ్రేడు. పైగా అన్నీ నాలుగో పీరియడ్‌లోనే రాస్తారు. మీకు ఖాళీ ఎప్పుడో నాకు తెలీదా?"

అతని చెవులు కాలిపోయాయి. "ఎప్పటినుంచి తెలుసు?"

"గుమ్మడికాయల నుంచి."

"తెలిసీ నోరు మూసుకున్నావా? నవ్వుకున్నావన్నమాట."

"మొదటిరోజు ఏడ్చాను. మా గురువుగారే ఊరూ పేరూ లేని ముసుగేసుకుని తిడితే నవ్వొస్తుందా? ఆ తర్వాత నాలుగు తప్పులు దిద్దాక చూస్తే పాఠం బాగుపడుతోంది. సరే తిట్టుకోనీ అనుకున్నా." కాఫీ ఒక గుక్క తాగింది. "నన్ను ముప్పై వేల మంది పొగిడారు సార్. వాళ్ళలో పూర్తిగా చదివింది ఎవరో చెప్పండి? మీరొక్కరే. అందుకే మీ ఉత్తరమే కావాలి. పేరు పెట్టి రాయండి."

"నేనూ అదే ఓడకి పెడుతున్నానని తెలుసుగా."

"తెలుసు. మీ దరఖాస్తులో ఖాళీ చోటొకటి ఉందటగా, ఆ పద్నాలుగు సవరణలూ అందులో రాసుకోండి. మీవే అవి. ముసుగు తియ్యాలి, అంతే. అప్పుడు సమానంగా పోటీ పడదాం. నేనేం త్యాగం చెయ్యట్లేదు, నాకూ ఓడ కావాలి."

"ఉత్తరం రాయకపోతే?"

"నా దరఖాస్తు పోతుంది. మీరు ఓడెక్కుతారు. రోజూ పొద్దున్నే వరండాలో మీకు గుడ్ మార్నింగ్ చెప్తాను, రిటైరయ్యేదాకా."

ఆమె వెళ్ళిపోయింది. 'ఉన్నారా?' అని పెట్టె లేచింది. అతను నొక్కలేదు. ఆ గంటన్నర తరగతికి సర్టిఫికెట్ రాకుండా పోయింది.

ఆ సాయంత్రం బడి ఖాళీ అయ్యాక ఉత్తరం మొదలెట్టాడు. రాయాలి గానీ పొగడకూడదు. తప్పులు మాత్రమే రాస్తాను, అవి నిజాలే కదా అనుకున్నాడు. పద్నాలుగు తప్పులూ తేదీలతో సహా వరసగా వేశాడు. వేశాక చూస్తే సగమే నిజంలా ఉంది. తప్పు ఎప్పుడు చెప్పారో ఉండి, ఎప్పుడు దిద్దారో లేని పట్టికని ఏ పిల్లవాడైనా తెస్తే అతను ఒప్పుకోడు. పళ్ళు కొరుక్కుంటూ పక్కన ఇంకో వరస గీశాడు. ఒక రోజు. ఒక రోజు. ఒక రోజు. ఏడు రోజులు, నాలుగుసార్లు ప్రయోగం చేసి. ఒక రోజు. ఆ వరస తీసేద్దామని రెండుసార్లు రబ్బరు చేతిలోకి తీసుకున్నాడు. రెండుసార్లూ కింద పెట్టాడు. అబద్ధం రాయడం అతనికి చేతకాక కాదు, లెక్కలో రాయడం చేతకాదు. కింద ఒక్క వాక్యం చేర్చాడు: 'ఇరవై రెండేళ్ళలో దిద్దిన తప్పు మళ్ళీ చేయని మనిషిని ఈమెనొక్కదాన్నే చూశాను.' అది చదువుకుంటే తన పళ్ళు తనే పీక్కున్నట్టుంది. సంతకం పెట్టాడు. తన దరఖాస్తులో ఖాళీ చోట పాత లాంతరు తనేనని రాశాడు.

శుక్రవారం మధ్యాహ్నం మార్గో అతన్ని పిలిపించింది. రెండు కాగితాల కట్టలూ ఆమె ముందున్నాయి.

"లాంతరువి నువ్వా! టీచరుగా చేస్తున్న మా చెల్లెలు డులూత్‌లో నీ సవరణలు ప్రింట్ తీసి గోడకి అంటించుకుంది తెలుసా?"

"ఎవరి పేరు పంపిస్తున్నావో చెప్పు, మార్గో."

ఆమె కళ్ళజోడు తీసింది. "ఇద్దరూ సరిసమానంగా తూగుతారనుకుంటూ పొద్దుట్నుంచీ చూస్తున్నా. ఈ ఉత్తరం చదివేదాకా. ఓడ మీద కావలసింది తప్పు చెబితే మర్నాటికి దిద్దుకునే మనిషి. అది నేనన్నది కాదు, నువ్వు లెక్కేసి చూపించావు. ఇంకెవరైనా పొగిడితే నమ్మేదాన్ని కాదు. నువ్వు పొగడవని ఈ జిల్లా మొత్తానికి తెలుసు."

"నేను పొగడలేదు."

"అదే చెబుతున్నా."

బయట పార్కింగ్‌లో మంచు దుమ్ములా రాలుతోంది. కొరిన్ తన కారు అద్దం మీద మంచు గీకుతోంది. అతన్ని చూసి ఆగింది. ముఖం చూస్తే విషయం తెలిసిపోయిందని తెలుస్తూనే ఉంది, సంతోషం అణుచుకోవడం ఆమెకి రావట్లేదు.

"కోపంగా ఉందా సార్?"

"ఉంది."

"చాలానా?"

"కొలిచి చెప్పలేను." అతను తన కారు తలుపు తెరిచాడు, మళ్ళీ మూశాడు. "నేను పుట్టిన ఒడ్డు అది, అమ్మాయ్. నువ్వు పుట్టింది డెట్రాయిట్లో."

"మూడేళ్ళకే ఇక్కడికొచ్చాం కదా."

"అయినా సరే."

ఆమె నవ్వలేదు. "ఓడ మీంచి ఫొటోలు పంపనా?"

"వద్దు. చూస్తే ఒళ్ళు మండుతుంది." గీకుడుకర్ర ఆమె చేతిలోంచి లాక్కుని, ఆమెకి అందని వైపు అద్దం తనే గీకసాగాడు, పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా. "అడుగు నీళ్ళ వేడి మాత్రం రోజూ పంపు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నువ్వు పంపేదాకా నేను కూర్చునే ఉంటాను."