మూత తీయని ప్లేటు

మా మేడమ్ పోయారు. ఫోన్లో ఆ కబురు వచ్చేసరికి నేను ల్యాబులో ఉన్నాను. ఆవిడ రక్తం నమూనా వేసి బ్యాక్టీరియాను పెంచిన మూత ప్లేటు నా చేతిలోనే ఉంది.

పోర్టు పక్కనున్న మల్కాపురం మనిషి. కాలేజీలో మాకు సూక్ష్మజీవుల పాఠం చెప్పింది, తర్వాత ఈ ల్యాబులో పని నేర్పింది ఆవిడే. ఒంట్లో జొరబడ్డ బ్యాక్టీరియాను తెల్లకణం మింగి చంపాలి. కొన్ని మాత్రం ఆ కణంలోనే కాపురం పెడతాయి. అది చెప్పడానికి పోర్టు గేటు కథ ఎత్తుకునేవారు.

"కాపలావోడు దొంగని పట్టి తన గదిలోకే లాక్కెళ్లాడు. దొంగ అక్కడే మంచమేసుకుని, ఆడి కేరేజీ తిని బలిసిపోతన్నాడు. బయటోళ్లు దొంగ దొరికేసాడనుకుంతన్నారు. మరింకెవుడు ఎతుకుతాడు?"

అప్పుడు పడీపడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు ఆ గది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

పాత ల్యాబు మనుషులకు ప్లేటు మూత తీసి వాసన చూడ్డం అలవాటు. వాసనతోనే ఏ బ్యాక్టీరియానో చెప్పేస్తామని గొప్ప. మేడమ్ దగ్గర ఆ పప్పులుడకవు. ప్లేటు ముక్కు దాకా వెళ్లిందా, చేతి మీద ఒక్కటి పడేది. తడిమట్టి వాసనేసే బ్యాక్టీరియా ఒకటుందని, అది ఊపిరితోనే లోపలికి పోతుందని కసిరేవారు.

అంతటి జాగ్రత్త మనిషీ ఇంటికెళ్తే చెప్పులు విడిచేసి, వానకు నానిన పెరట్లో బంతిమొక్కల మధ్య తిరిగేవారు. షుగరుంది, మడమలు పగిలున్నాయి, మట్టిలో అదే ఉంటుందని మీరే చెప్పారు కదా అని పోరాను. వాళ్లమ్మ అలాగే తిరిగిందిట, ఏమీ కాలేదుట. ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆవిడకి జ్వరం వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చింది. టీబీ అనుకుని మందులు వాడారు. ఆఖరికి రక్తం మా దగ్గరికొచ్చింది. ప్లేటు మీద ముడతలు పడ్డ మచ్చలు లేచాయి. పరీక్షలో తేలింది, ఆ మట్టి బ్యాక్టీరియానే, కాపలావాడి గదిలో మంచమేసే రకం. వెంటనే మందు మార్చారు. నేను ఐసీయూకి వెళ్తే మేడమ్ కళ్లు తెరిచారు.

"మూత తీసి సూసావేటి?"

లేదన్నాను.

"మంచి పన్జేసావు," అన్నారు. అవే ఆఖరి మాటలు. మందు ఆలస్యమైపోయింది.

పెద్దకర్మకు వెళ్లినప్పుడు పెరట్లో, వానల్లేక ఎండిన బురదలో ఆవిడ పాదం అచ్చు కనిపించింది, మడమ పగుళ్లతో సహా. చూస్తుండగానే వాన మొదలైంది. మట్టి వాసన లేచింది. చుట్టాలు హాయిగా గుండెల నిండా పీల్చుకున్నారు. ఆ పాదంలోకి నీళ్లు నిండుతుంటే నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను.