రాష్ట్రం కొసన ఒక జత చెప్పులు

ప్లైవుడ్ మీద పచ్చి రంగు వాసన తగిలితే నాకు పక్కింటి లక్ష్మి గుర్తొస్తుంది. సినిమాల్లో లైట్‌మ్యాన్‌గా చేసే వాళ్ల నాన్న రాష్ట్రం దాటిపోయి మళ్లీ రాలేదు.

"రాష్ట్రం చిట్టచివర చూపిస్తా, నడుస్తావా?" అని బడికెళ్లే రోజుల్లో ఒకసారి లక్ష్మిని అడిగాను. భూగోళంలో నాకొచ్చేవి సున్నాలే అయినా, రాష్ట్రాన్ని ఆ రోజు ఫిల్మ్‌నగర్‌లోనే ముగించేశాను. యూసుఫ్‌గూడ నుంచి మిట్టమధ్యాహ్నం నడిపించాను. బండల మధ్య షూటింగ్ కోసం పాతిన, రంగు ఇంకా ఆరని ప్లైవుడ్ బోర్డు మీద "ఆంధ్రప్రదేశ్ సరిహద్దు" అని ఉంది.

లక్ష్మి సంచిలోంచి వాళ్ల నాన్న పాత చెప్పులు తీసి బోర్డు అవతల పెట్టింది. "మా నాయిన గిట్ల వస్తే కాళ్లు కాలొద్దు గదా," అంది.

"పిచ్చిదానా, ఇది సెట్టు!" అని పడీపడీ నవ్వాను. సాయంత్రానికి బస్తీ అంతా నవ్వేలా చెప్పాను.

ఆ ఎండలో లక్ష్మి వచ్చిందీ, వెళ్లిందీ ఉత్త కాళ్లతోనేనని నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.