వీరబ్రహ్మం కట్టిన తవుడు సంచి

పాలకొల్లులో కంప్యూటరు కొన్నవాళ్ళలో వీరబ్రహ్మం చెయ్యి పడనివాళ్ళు తక్కువ. బస్టాండు వెనకాల అతని కొట్టు. ఇరవయ్యేళ్ళుగా మిషను కొన్న ప్రతివాడికీ అది నడవడానికి కావలసిన సిస్టమ్‌ని కాపీ సీడీతో ఎక్కించి ఇచ్చాడు, కూరగాయల మీద కొత్తిమీర కొసరు వేసినట్టు. ఆ సరుకు ఎవరి సొత్తో అతనికీ తెలుసు, కొన్నవాడికీ తెలుసు. దాన్ని తయారుచేసిన కంపెనీకి మాత్రం తెలియదనుకున్నారు వెర్రిబాగులవాళ్ళు.

ఆ భ్రమ అప్పాజీగారి చేపల ఎగుమతి ఆఫీసులో వదిలింది. కంపెనీ తరఫున వచ్చిన ఉదయభాస్కర్ అనే కుర్రాడు నలగని చొక్కాతో కూర్చుని, అక్కడి మిషన్లన్నిట్లో ఉన్నవి దొంగ కాపీలేనని తేల్చాడు. కబురందుకుని వీరబ్రహ్మం స్కూటరు మీద పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటయ్యా బ్రహ్మం, ఈ వయసులో నన్ను దొంగని చేశావేంటి?" అన్నారు అప్పాజీగారు నలుగురి ముందూ.

వీరబ్రహ్మానికి తల కొట్టేసినట్టయింది. మంచి పేరొక్కటే అతని ఆస్తి. అది కాస్తా పోతే కొట్టుకి తాళం వేసుకోవడమే.

ఉదయభాస్కర్ మాత్రం నవ్వాడు. "ఈయన వేసినవన్నీ మావాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసండి. నెట్‌కి కలిపినప్పుడే మాకు కనపడిపోతాయి."

"తెలిస్తే అప్పుడే ఎందుకు ఆపలేదండి?" అన్నాడు వీరబ్రహ్మం.

"ఆపితే మీరంతా ఉచితంగా దొరికే ఇంకో సిస్టమ్ చూసుకునేవారు కదండీ. ఇప్పుడు ఊరంతా మాదే అలవాటైంది. అదంతా మీ చలవే. డీలరుగా చేరండి. మీరు వేసిన ఇళ్ళకి మీరే వెళ్ళి లైసెన్సులు అమ్ముకోవచ్చు."

దొంగ అన్నప్పుడు రాని కోపం వీరబ్రహ్మానికి అప్పుడొచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా చెరువుల్లో తవుడు సంచికి చిల్లులు పొడిచి కర్రకి కడతామండి. చేపలు రోజూ అక్కడికే వచ్చి తింటాయి. పట్టే రోజున వల ఎక్కడెయ్యాలో వెతుక్కోనక్కర్లేదు. కానీ ఏ రైతూ ఆ చేపని దొంగ అనడండీ! తవుడు మీది, సంచి కట్టినవాణ్ణి నేను. జీతంలేని పాలేరులా ఇన్నేళ్ళూ మీ చాకిరీ చేశాను. ఇప్పుడు వల కూడా నన్నే లాగమంటారా? సిగ్గుండాలి!"

ఉదయభాస్కర్ మొహంలో నవ్వు కూడా చెదరలేదు. తన కార్డు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వీరబ్రహ్మం ఊరుకుంటేనా! ఆ మధ్యాహ్నమే ఉచిత సిస్టమ్ తెచ్చి అప్పాజీగారి ఆఫీసు మిషనులో ఎక్కించాడు. ఇక్కడ కుదిరితే ఊళ్ళో మిగతావాళ్ళకీ వెయ్యొచ్చు. కంపెనీ మొహాన పేడ కొట్టినట్టూ ఉంటుంది, తన పేరూ నిలబడుతుంది.

ఆ ఆఫీసులో లెక్కలు రాసే రమ్యశ్రీ అతని కొట్టు వెనక గదిలోనే కంప్యూటరు నేర్చుకుంది. ఆ పిల్లని కూర్చోబెట్టాడు. ఆమె మౌసు పట్టుకుని తెరంతా వెతికింది. రోజూ నొక్కే చోట నొక్కితే ఇంకేదో తెరుచుకుంది. బయట చేపల లారీ బిల్లుల కోసం ఆగి ఉంది. డ్రైవరు హారను కొడుతున్నాడు.

"నా వల్ల కాదండి. పాతదే వేసెయ్యండి," అంది కళ్ళనీళ్ళతో.

"వారం ఓపిక పడితే అదే వస్తుంది కదమ్మా! ఆ దిక్కుమాలినదాన్నే పట్టుకుని వేళ్ళాడతావేంటి?" అని కసిరాడు.

"నాకు అదొక్కటే వచ్చండి. మీరు అదొక్కటే నేర్పారు."

అప్పాజీగారు బల్ల మీది కార్డు తీసుకుని ఉదయభాస్కర్‌కి ఫోను చేశారు.